మందు ముందు, కారణం వెనక

కొల్లేటి లంకల్లో అయినా, ఏలూరు పేటల్లో అయినా, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లెల్లో అయినా, పిల్లవాడు నిద్రలో పళ్ళు కొరికాడంటే ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే కారణం ఒక్కటే: కడుపులో పాములున్నాయి. నులిపురుగులని కొందరంటారు, ఏలికపాములని కొందరంటారు. మర్నాడు పొద్దున్నే పరగడుపున ఏదో ఒక మందు పడాల్సిందే. ఒకప్పుడు అది వాము, వేపచిగురు ఉండ, వాయువిడంగాల పొడి, ఆ పైన ఆముదం. ఇప్పుడు మందుల షాపులో దొరికే ఆల్బెండజోల్ మాత్ర. మందు మారింది గాని తీర్పు మారలేదు. ఇన్ని తరాలు నిలిచిన తీర్పును మూఢనమ్మకమని ఒక్క మాటతో తోసెయ్యడం నాకు సబబుగా తోచదు. అది ఎక్కడ పుట్టింది, ఈ నీటి నేల మీద ఎందుకంతగా పాతుకుంది, అందులో నిజమెంత అన్నది తరచి చూడాలి. అలా చూసుకుంటూ వెళితే ఒక సంగతి తేలుతుంది. నిద్రలో పళ్ళు కొరకడానికి ఏ కాలంలో ఏ కారణం చెప్పినా, అది ఆ కాలంలో చేతికందిన మందు వెంటే వచ్చింది. మనవాళ్ళే కాదు, దేశదేశాల డాక్టర్లూ ఈ విషయంలో అలాగే నడిచారు.

మన పాత వైద్య గ్రంథాల నుంచి మొదలుపెడదాం. వైద్యులు తరతరాలుగా చదువుకున్న మాధవనిదానంలో పిల్లల రోగాల అధ్యాయం ఉంది. బాలగ్రహం పట్టిన బిడ్డ ఎలా ఉంటాడో అందులో వర్ణన ఉంది. ఉలిక్కిపడతాడు, ఏడుస్తాడు, గోళ్ళతో పళ్ళతో తల్లినీ తననూ రక్కుకుంటాడు, పైకి చూస్తాడు, పళ్ళు కొరుకుతాడు. అదే గ్రంథంలో క్రిమిరోగానికి వేరే అధ్యాయం ఉంది. కడుపులో క్రిములు పుట్టాయనడానికి గుర్తులుగా అక్కడ చెప్పినవి జ్వరం, రంగు తగ్గడం, కడుపునొప్పి, గుండెబాధ, నీరసం, కళ్ళు తిరగడం, అన్నం సయించకపోవడం, విరేచనాలు. ఈ జాబితాలో పళ్ళు కొరకడం లేదు. అంటే శాస్త్రం చదివిన వైద్యుడి దృష్టిలో పళ్ళు కొరకడం గ్రహం వల్ల వచ్చేది, పురుగుల వల్ల కాదు. గ్రహానికి మందు ధూపం, బలి, రక్ష. పల్లెల్లో బిడ్డ మొలకు తాయెత్తు, మెడలో అంత్రం కట్టించడం, వేపమండలతో మంత్రం వేయించడం ఈ వరసలోవే. పట్టినదేదో కంటికి కనపడదు, వదిలించే పద్ధతి మాత్రం పూజారి దగ్గరో, దర్గాలోనో, మంత్రం తెలిసిన మనిషి దగ్గరో సిద్ధంగా ఉంది. అందుకే కారణం గ్రహమైంది.

మరి పురుగుల మాట ఎలా వచ్చింది? ఇంగ్లీషు వైద్యంలో ఈ మాట చాలా పాతది. స్కాట్లండ్ డాక్టరు విలియం బుకన్ 1769లో ఇంటివైద్యం మీద రాసిన పుస్తకం ఇంగ్లీషు తెలిసిన దేశాలన్నిటిలో ఇంటింటా చదివారు. పిల్లల కడుపులో పురుగులకు అందులో చెప్పిన గుర్తుల్లో ముక్కు గిల్లుకోవడంతో పాటు నిద్రలో పళ్ళు కొరకడమూ ఉంది. కంపెనీ కాలం నుంచీ తాలూకా ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్ళకు ఆ వైద్యమే పాఠం. మన ఇళ్ళలో పురుగుల మందులు ముందునుంచీ ఉన్నాయి, పళ్ళు కొరికే పిల్లలూ ముందునుంచీ ఉన్నారు. ఈ రెంటికీ ముడి ఇళ్ళలోనే పడి ఉండొచ్చు. కానీ డాక్టరు నోట కూడా అదే మాట వినపడ్డాక అది గట్టిపడి ఉంటుందని అనుకోవడానికి ఆస్కారం ఎక్కువ. నాటువైద్యం, ఇంగ్లీషు వైద్యం చాలా చోట్ల తగవు పడ్డాయి. ఇక్కడ మాత్రం రెండూ ఒకే మాట మీద నిలబడ్డాయి, ఎందుకంటే ఇద్దరి సంచిలోనూ పురుగుల మందు ఉంది.

ఆ మాట ఈ ప్రాంతంలోనే ఇంతగా ఎందుకు నిలిచిందో తెలియాలంటే ఇక్కడి నీటి సంగతి చూడాలి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కల్లా పూర్తయింది. ఆ తర్వాత డెల్టా అంతటా కాలువలు పారాయి. గోదావరి నీటినీ కృష్ణ నీటినీ కలిపే కాలువలు ఏలూరులో కలుసుకున్నాయి. వరి పండింది, పడవలు నడిచాయి, కరువు తగ్గింది. అదే కాలువ నీరు ఊరి మంచినీళ్ళ చెరువుకు వచ్చేది. అదే కాలువలో గేదెల్ని కడిగేవారు, బట్టలు ఉతికేవారు, దాని గట్టే ఊరికి మరుగుదొడ్డి. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువులో నిలవనీరే గతి. కొల్లేటిలో పరిస్థితి ఇంకా కష్టం. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్ళు తెచ్చిన నీరంతా అక్కడ చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. వానాకాలం వస్తే లంక ఊళ్ళ చుట్టూ నీళ్ళే. ఇంటి దిబ్బ, పశువుల చావడి, వంటపొయ్యి, మరుగుకు వెళ్ళే చోటు అన్నీ ఆ కాస్త మెరక మీదే సర్దుకోవాలి. ఆడ ఏలికపాము ఒక్కటి రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు చెమ్మ నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి. చేతుల గోళ్ళలో మట్టితో, కడగని కూరతో నోట్లోకి పోతాయి. ఇలాంటి నేల మీద పిల్లల కడుపులో పాములుండటం వింత కాదు, లేకపోతేనే వింత.

మందు సంగతికి వస్తే వాము గురించి కొంచెం ఆగి చెప్పాలి. మన పోపులపెట్టెలో ఉండే వామును నలిపితే వచ్చే ఘాటు వాసన చాలామటుకు థైమాల్ అనే పదార్థానిది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు మన దేశం నుంచి వాము ఓడల్లో జర్మనీకి వెళ్ళేది, అక్కడ దాన్నుంచి థైమాల్ తీసేవారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో రాక్‌ఫెల్లర్ కమిషన్ 1909 తర్వాత కొంకిపురుగు మీద సాగించిన పోరాటంలో పెద్దగా వాడిన మందు ఈ థైమాలే. 1920లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ మద్రాసు ప్రెసిడెన్సీలో అదే పనికి దిగింది. కొత్త వైద్యం డబ్బాలో పోసి తెచ్చిన మందు, మన అమ్మమ్మలు పరగడుపున నమిలించిన గింజ నుంచి వచ్చిందేనన్నమాట. వాముకు పురుగుల్ని కదిలించే గుణం కొంతైనా ఉంది, మోతాదు మాట ఎలా ఉన్నా. ఏలికపాములకు శాంటోనిన్ అనే మందు ఉండేది, దాని వెనకే ఆముదం పట్టేవారు. మర్నాడు పాము బయట పడేది. తల్లి కళ్ళారా చూసేది. ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఏ ఇంట్లో కావాలి? నాలుగు రోజులకు పిల్లవాడు పళ్ళు కొరకడమూ తగ్గేది. రెండూ జతపడ్డాయి.

ఇక్కడే తర్కం జారింది. పిల్లల్లో పళ్ళు కొరకడం రోజూ ఒకేలా ఉండదు. నాలుగు రాత్రులు గట్టిగా వినపడుతుంది, పది రాత్రులు ఉండదు, పళ్ళు ఊడి కొత్తవి వచ్చే వయసులో మళ్ళీ మొదలవుతుంది, పెరిగేకొద్దీ చాలామందిలో దానంతటదే పోతుంది. తల్లిదండ్రులు మందు పట్టేది శబ్దం బాగా ఎక్కువైన రోజునే. ఆ తర్వాత ఏం చేసినా, ఏమీ చెయ్యకపోయినా, తగ్గే అవకాశమే ఎక్కువ. తాయెత్తు కట్టిన ఇంట్లో తాయెత్తుకు పేరొచ్చింది, ఆముదం పట్టిన ఇంట్లో ఆముదానికి పేరొచ్చింది. పైగా ఊరి పిల్లల్లో చాలామందికి పాములున్నప్పుడు, పళ్ళు కొరికే పిల్లవాడికి మందు వేస్తే పాము పడటం ఖాయం. పళ్ళు కొరకని పక్కింటి పిల్లవాడికి వేసినా పడేది. వాడికి ఎవరూ ఆ ఉద్దేశంతో వెయ్యలేదు కాబట్టి ఆ లెక్క ఎవరికీ అందలేదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవెయ్యకూడదు. నులిపురుగు నడవడి ఏలికపాముది లాంటిది కాదు. ఆడ నులిపురుగు రాత్రిపూట, పిల్లవాడు నిద్రలో ఉన్నప్పుడు, మలద్వారం దగ్గరికి వచ్చి చర్మం మీద గుడ్లు పెడుతుంది. దురద పుడుతుంది. పిల్లవాడు పూర్తిగా లేవడు, అటూ ఇటూ మెసులుతాడు, గోక్కుంటాడు, నిద్ర మాటిమాటికీ పలచబడుతుంది. పళ్ళు కొరకడం కూడా నిద్ర అలా పలచబడే క్షణాల్లోనే ఎక్కువగా జరుగుతుందని తర్వాత తేలింది. కాబట్టి నులిపురుగులున్న పిల్లవాడు ఎక్కువగా పళ్ళు కొరికితే ఆశ్చర్యపడక్కర్లేదు. పురుగులకూ పళ్ళు కొరకడానికీ సంబంధం ఉందా అని పిల్లల మీద చేసిన పరిశీలనలు కొన్ని ఉందన్నాయి, కొన్ని లేదన్నాయి. నా ఉద్దేశంలో అమ్మమ్మ చూపు తప్పు కాదు, ఆమె వేసిన ముడి మరీ బిగువైంది. పురుగు దవడను కదిలించదు. నిద్రను చెడగొట్టేవాటిలో అదీ ఒకటి కావచ్చు, అంతే. నులిపురుగుల అనుమానం తీరడానికి తేలిక దారి ఉంది. పిల్లవాడు లేవగానే, స్నానం చెయ్యక ముందే, మలద్వారం దగ్గర చర్మానికి పారదర్శకమైన అంటుడు టేపు అద్ది, గాజుపలక మీద అంటించి సూక్ష్మదర్శినిలో చూస్తే గుడ్లు కనపడతాయి. ఊహతో పని లేదు.

పాముల మాత్ర మానెయ్యమని దీని అర్థం కానే కాదు. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం ఇప్పుడు దేశమంతా జరుగుతోంది, బళ్ళలోనూ అంగన్‌వాడీల్లోనూ 1 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ నమిలిస్తున్నారు, రెండేళ్ళ లోపు వాళ్ళకు సగం మాత్ర. బోదకాలు బెడద ఉన్న ఈ డెల్టాలో ఆ జబ్బుకు ఊరంతటికీ పంచిన మాత్రల్లోనూ ఆల్బెండజోల్ ఉంది. రక్తహీనత తగ్గడానికి, పిల్ల ఎదగడానికి ఆ మాత్ర కావాలి. ఆ పుణ్యం దానికి చాలు, పళ్ళు కొరకడం మాన్పించే భారం కూడా దాని నెత్తిన పెట్టక్కర్లేదు.

పళ్ళ డాక్టర్లు వచ్చాక కథ మరో మలుపు తిరిగింది. యూరప్‌లో మోరిజ్ కారోలి 1901లోనే రాత్రిపూట పళ్ళు నూరడం వల్ల చిగుళ్ళు చెడతాయని వాదించాడు. ఫ్రాన్సులో 1907లో మారీ, పియెట్కీవిచ్ అనే ఇద్దరు దీన్ని మెదడు జబ్బులతో ముడిపెట్టి రాశారు. 1931లో ఫ్రోమన్ బ్రక్సిజం అన్న పేరు వాడాక అదే స్థిరపడింది. ఆ తర్వాత పంటి డాక్టరు చేతిలో ఉన్న పరికరమే కారణాన్ని చెప్పింది. పైపళ్ళూ కిందిపళ్ళూ సరిగా కలవకపోతే ఆ అడ్డును అరగదీయడానికే దవడ రాత్రంతా కష్టపడుతుందన్నారు. 1961లో రాంఫ్యోర్డ్ కండరాల విద్యుత్తును కొలిచి, అడ్డొచ్చే పళ్ళను డ్రిల్లుతో సరిచేస్తే తగ్గుతుందని చెప్పాడు. చాలా దేశాల్లో చాలామంది మంచి పళ్ళు ఆ మాట మీద అరిగిపోయాయి. 1984లో రగ్, అతని తోటివారు తలకిందుల ప్రయోగం చేశారు. కావాలని ఎత్తుగా చేసిన తొడుగు పంటికి పెట్టి రాత్రిళ్ళు కొలిచారు. పెరగాల్సింది పోయి చాలామందిలో కండరాల పని తగ్గింది. పంటి కలయికే మూలమన్న వాదానికి అది పెద్ద దెబ్బ. పిప్పి లేని మంచి పంటిని ఈ కారణానికి అరగదీస్తామని ఎవరైనా అంటే, రెండో డాక్టరు మాట వినకుండా నోరు తెరవవద్దని నేను గట్టిగా చెబుతాను. ఒకసారి పోయిన ఎనామిల్ మళ్ళీ రాదు.

తెలుగునాట ఈ మలుపు ఆలస్యంగా వచ్చింది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో గాని మొదలవలేదు. ఇప్పుడు ఏలూరు పక్కన దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంతకళాశాల ఉంది, భీమవరంలో విష్ణు దంతకళాశాల ఉంది, కొల్లేటి మనిషికి పంటి డాక్టరు దూరం కాదు. అయితే ఇక్కడి పళ్ళను చదవడంలో ఒక చిక్కుంది. నిద్రలో నూరే మనిషి పళ్ళను దగ్గరగా చూస్తే, పైపంటి కొన, కిందిపంటి కొన అద్దంలా నునుపుగా, చదునుగా, ఒకదానికొకటి అతికినట్టు కలుస్తాయి. తెల్లని ఎనామిల్ అంచు మధ్యలో పసుపుపచ్చని లోపొర తేలుతుంది. కానీ రోజంతా వక్కాకు నమిలే వాళ్ళ దవడపళ్ళూ చదునుగానే అరుగుతాయి. కచ్చికతో, బొగ్గుపొడితో, ఇటుకపొడితో తోముకున్న పాతతరం వాళ్ళ పళ్ళు బుగ్గవైపు గాడులు పడి ఉంటాయి. అరుగుదల కనపడగానే రాత్రి పళ్ళు కొరుకుతున్నారని రాసెయ్యడం కూడా మందును బట్టి కారణం చెప్పడమే.

మనసే మూలమన్న వాదానికి మన దగ్గర సులువుగా ఆదరణ దొరికింది. పద్యనాటకంలో ద్రౌపది వస్త్రాపహరణం వేళ భీముడు పళ్ళు పటపట కొరక్కపోతే జనం ఒప్పుకోరు. పగటి కోపం దవడలోనే కనపడుతుంది కాబట్టి రాత్రి దవడ కదిలితే అదీ అణచుకున్న కోపమేననుకోవడం సహజం. ఆందోళన, ఒత్తిడి ఉన్నవాళ్ళలో ఇది కొంత ఎక్కువన్న మాట నిజమే. కానీ నెమ్మదస్తులూ నూరుతారు, కోపిష్టులు నిశ్శబ్దంగా నిద్రపోతారు. మెలకువలో పళ్ళు బిగించడం ఒకటి, నిద్రలో నూరడం మరొకటి అని ఇప్పుడు విడదీసి చూస్తున్నారు. మనసు మాట మొదటిదానికి ఎక్కువ వర్తిస్తుంది.

నిద్ర ప్రయోగశాలలు వచ్చాక ప్రశ్నే మారింది. నిద్రపోతున్న మనిషి మెదడు తరంగాలు, గుండె, కండరాలు ఒకేసారి నమోదు చేస్తే సంఘటనల వరస కనపడింది. ముందు గుండెను నడిపే నరాల్లో కదలిక వస్తుంది. దవడ కదలడానికి కొన్ని సెకన్ల ముందు మెదడు నిద్ర లోతు నుంచి కాస్త పైకి తేలుతుంది. గుండె వేగం పెరుగుతుంది. దవడ కిందున్న కండరం బిగుస్తుంది. ఆ తర్వాతే దవడను మూసే కండరాలు లయగా పనిచేస్తాయి, అన్నిటికన్నా చివర్న పళ్ళు కలిసి శబ్దమవుతుంది. పళ్ళు కొరకని ఆరోగ్యవంతుల్లో కూడా 100 మందిలో 60 మంది దాకా నిద్రలో ఈ కండరాల కదలిక ఉంటుంది, శబ్దం మాత్రం ఉండదు. కెనడాలో 1994లో వెలువడిన సర్వేలో పెద్దల్లో 8 శాతం మంది నిద్రలో నూరుతున్నామన్నారు, 60 దాటినవాళ్ళలో అది 3 శాతమే. 2013లో, మళ్ళీ 2018లో పలుదేశాల నిపుణులు కూడారు; 2018లో, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇది జబ్బు కాదని, నిద్రలో దవడ కండరాలు చేసే పని అని తేల్చారు. కొందరిలో దానివల్ల హాని ఉంటుంది, చాలామందిలో ఉండదు.

నిద్ర ప్రయోగశాల కూడా తన పరికరం కొలిచేదాన్నే కారణమంటోంది కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు రెండు విషయాల మీద నిలుస్తుంది. వెనకటి వాదాలన్నీ మందు తర్వాత తగ్గిందా లేదా అన్నదే చూశాయి, అది దానంతటదే తగ్గేదైనప్పుడు ఆ పరీక్ష పనికిరాదు. ఈ కొత్త పద్ధతి ఏది ముందు, ఏది వెనక అన్నది కొలిచింది, ఆ వరస తిరగబడితే వాదం కూలిపోతుంది. ఇంకోటి, వెనకటి ప్రతి వాదమూ తన మందు నయం చేస్తుందని చెప్పింది. ఇది మాత్రం తన దగ్గర నయం చేసే మందు లేదని ఒప్పుకుంటోంది. అమ్ముకోవడానికి ఏమీ లేనివాడి మాటను కొంచెం ఎక్కువ నమ్మవచ్చు.

పరికరం కొలిచేదే కారణంగా కనపడుతుందన్న పాఠం ఏలూరుకు మరో రూపంలో తెలుసు. 2020 డిసెంబరు మొదట్లో వన్‌టౌన్ ప్రాంతంలో మొదలై కొద్దిరోజుల్లో 600 మందికి పైగా జనం ఫిట్స్‌తో, స్పృహ తప్పి ఆసుపత్రికి చేరారు. ఎయిమ్స్ పరీక్షల్లో సీసం, నికెల్ కనపడ్డాయి. తర్వాత పురుగుమందుల అవశేషాల మాట ముందుకొచ్చింది. ఏ పరీక్ష దేన్ని వెతకగలదో దాన్నే చూపిస్తుంది, అందుకే ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. ఆ రోజుల్లో దవడలు బిగుసుకుపోయిన మనుషుల్ని చూసిన ఊరికి ఒక తేడా చెప్పడం అవసరం. నిద్రలో పళ్ళు కొరికే మనిషిని తడితే మెసులుతాడు, పక్కకు తిరిగి పడుకుంటాడు. ఫిట్స్‌లో తట్టినా పలకడు, ఒళ్ళు బిగుస్తుంది, నాలుక కరుచుకోవచ్చు, పక్క తడుపుకోవచ్చు. రెండోదానికి వెంటనే డాక్టరు కావాలి. చేతిలో తాళాలు పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం వద్దు.

ఇక ఇప్పుడు చేయగలిగింది ఏమిటి? పెద్దవాళ్ళలో పళ్ళు అరుగుతుంటే రాత్రి తొడుగు మంచిది. డాక్టరు మెత్తని ముద్దతో పళ్ళ అచ్చు తీస్తారు, అందులో రాతిపిండి పోస్తే నోరు అచ్చుగుద్దినట్టు బల్ల మీదికి వస్తుంది, దాని మీద గట్టి యాక్రిలిక్‌తో తొడుగు చేసి, అన్ని పళ్ళూ సమంగా ఆనేదాకా రాకుతారు. అది పళ్ళను కాపాడుతుంది, నూరడాన్ని ఆపదు. కొన్నాళ్ళకు తొడుగు మీదే గాడులు పడతాయి, అప్పుడు మార్చుకోవాలి. సాయంత్రం మద్యం, సిగరెట్టు, పొద్దుపోయాక కాఫీ నిద్రను చీలుస్తాయి, వాటిని తగ్గిస్తే కొందరికి మేలు. మానసిక ఆందోళనకు వాడే కొన్ని మాత్రలతో నూరడం మొదలవుతుంది, అలా అనిపిస్తే మాత్ర మానకుండా రాసిన డాక్టరుతోనే చెప్పాలి. దవడ కండరంలోకి ఇచ్చే బొటాక్స్ సూది కరిచే బలాన్ని తగ్గిస్తుంది గాని కదలికల సంఖ్యను అంతగా తగ్గించదు. పిల్లలకు తొడుగు సాధారణంగా వద్దు, దవడ ఇంకా పెరుగుతుంటుంది. పంటినొప్పి, పొద్దున్నే తలనొప్పి లేకపోతే వేచి చూడటమే సరైన వైద్యం. కానీ ఆ పిల్లవాడు నోరు తెరుచుకుని నిద్రపోతుంటే, గురక పెడుతుంటే, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, పాముల మందు వేసి ఊరుకోకూడదు. టాన్సిల్స్, ముక్కు వెనక కండ పెరిగాయేమో చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.